షిరకావా-గో, గోకయామా: సీజన్ మారే రోజుల్లో చూసిన జపాన్ కొండ పల్లెలు, నా అనుభవం

జపాన్‌లో ఉండే మన తెలుగువాళ్ళు ఎవరు కలిసినా షిరకావా-గోకి ఎప్పుడు వెళ్తే బాగుంటుంది అని అడుగుతారు, అడిగి జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు, జనవరిలో మంచు పడ్డప్పుడే కదా అని. అందరూ చూసిన ఫోటో అదే కాబట్టి. గడ్డి ఇళ్ళ కప్పుల మీద మందంగా మంచు, కిటికీల్లోంచి పసుపు లైట్లు. ఆ ఫోటో అబద్ధం కాదు, నేను వెళ్ళి చూశాను, నిజంగానే అలా ఉంటుంది. కానీ నన్నడిగితే మాత్రం ఒక సీజన్ పోయి ఇంకోటి వచ్చే మధ్య రోజుల్లో వెళ్ళమంటాను, అక్టోబర్ చివర్న, నవంబర్‌లో, మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడైతే ఊరు రాబోయే వాతావరణానికి సిద్ధమవుతూ కనిపిస్తుంది, జనం పనిలో కనిపిస్తారు, ఆ ఇళ్ళు ఇన్నాళ్ళు ఎలా నిలబడ్డాయో కళ్ళ ముందే అర్థమవుతుంది.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. షిరకావా-గో గిఫు ప్రిఫెక్చర్‌లో ఉంది, ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రంలాంటిది, దానికి ఉత్తరంగా కొండల్లోనే గోకయామా, అది తొయామా ప్రిఫెక్చర్. రెండూ షోగావా అనే నది వెంబడి ఉన్న పల్లెలే. 1995లో యునెస్కో వాళ్ళు ఇక్కడ మూడు ఊళ్ళని కలిపి వారసత్వ జాబితాలో పెట్టారు, షిరకావా-గోలో ఒగిమాచి, గోకయామాలో ఐనోకురా, సుగానుమా. మనవాళ్ళు చాలామంది ఒగిమాచి ఒక్కటి చూసి అదే బస్సులో వెనక్కి వచ్చేస్తారు. గోకయామా దాకా వెళ్ళరు, వెళ్తే బాగుండు అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మేం నగోయాలో ఉంటాం. నగోయా నుంచి డైరెక్ట్ బస్సు ఉంది, మూడు గంటలు పడుతుంది, లేదంటే హిదా ఎక్స్‌ప్రెస్ రైల్లో తకయామా దాకా వెళ్ళి అక్కడ బస్సు ఎక్కితే ఇంకో 50 నిమిషాలు. మేం ఎక్కువగా తకయామా మీదుగానే వెళ్తాం, ఎందుకంటే ఆ రైలు నది లోయ పట్టుకుని పైకి పోతుంటే సీజన్ ఎంతవరకు వచ్చిందో కిటికీలోంచే కనిపిస్తుంది, నగోయాలో చెట్లన్నీ ఇంకా పచ్చగా ఉంటాయి, గెరో దాటేసరికి పసుపు మొదలవుతుంది, తకయామాలో దిగేసరికి స్వెట్టర్ తియ్యాల్సిందే. తకయామా నుంచి బస్సు ఎక్కాక దారిలో హిదా టన్నెల్ వస్తుంది, 10 కిలోమీటర్లకి పైనే పొడుగు, లోపల ఎంతసేపు పోయినా అవతలి వెలుతురు కనిపించదు. అది తెరిచి హైవే మొత్తం కలిసింది 2008లో. అంతకుముందు ఈ ఊళ్ళకి రావడం ఎంత కష్టమో ఆ కొండ లోపల్నుంచి పోతుంటేనే ఊహకి అందుతుంది.

మొదటిసారి ఒగిమాచికి వెళ్ళింది అక్టోబర్ ఆఖర్న. బస్టాండ్‌లో దిగగానే జనం, సెల్ఫీ స్టిక్కులు, ఐస్‌క్రీమ్ క్యూలు. షిరకావా మొత్తం గ్రామంలో ఉండేది 1,500 మంది దాకా, 2019లో వచ్చిన టూరిస్టులేమో 17 లక్షల పైన, లెక్క మీరే వేసుకోండి. వ్యూపాయింట్ ఎక్కి అందరూ తీసే ఫోటో మేమూ తీసుకున్నాం. తర్వాత కిందికి దిగి మెయిన్ రోడ్డు వదిలేసి పొలాల పక్క సందుల్లోకి వెళ్ళాం. అసలు ఊరు అక్కడ మొదలైంది. ఒక ఇంటి ముందు ఇద్దరు పెద్దాయనలు గోడ బయట కర్రలు నిలబెట్టి వాటికి అడ్డంగా పలకలు కడుతున్నారు. మా ఆయన జపనీస్ నాకన్నా బాగా మాట్లాడతాడు, ఏంటండీ ఇది అని అడిగితే యుకిగకోయి అన్నారు, చలికాలంలో కప్పు మీంచి జారిపడే మంచు గోడలకి, కిటికీలకి కొట్టుకోకుండా ముందుగానే కట్టే రక్షణ. ఇక్కడ మంచు రెండు మీటర్ల దాకా పేరుకుంటుంది, కప్పు మీద ఉన్నదంతా ఒక్కసారే జారితే కింద ఏదున్నా నుజ్జే. పక్కింటివాళ్ళు పెరట్లో చిన్న చిన్న చెట్లకి కూడా కొమ్మలు విరక్కుండా కర్రలు నిలిపి తాళ్ళతో కడుతున్నారు. ఎండ బంగారంలా ఉంది, ఆకాశంలో మబ్బు లేదు, అయినా ఊరంతా మంచు గురించే పని చేస్తోంది. ఆ ఒక్క మధ్యాహ్నంతోనే నాకు ఈ ఊళ్ళంటే ఇష్టం పుట్టింది.

ఆ రోజుల్లోనే ఏడాదికోసారి అక్కడ నీళ్ళ గొట్టాలు టెస్ట్ చేస్తారు. అక్టోబర్ చివర్న గానీ నవంబర్ మొదట్లో గానీ ఉంటుంది. ఊళ్ళో 59 చోట్ల నీళ్ళు చిమ్మే గన్స్ ఉన్నాయి, ఇంటికి తగ్గట్టు చిన్న చిన్న పెట్టెల్లాంటి గూళ్ళలో దాచి పెట్టారు, తెలియకపోతే వాటి పక్కనుంచే నడిచిపోతాం. సైరన్ మోగగానే అన్నీ ఒక్కసారిగా పైకి చిమ్ముతాయి, కప్పుల కన్నా ఎత్తు, ఎండ పడి వాటి మధ్య ఇంద్రధనస్సు వచ్చింది, అందరూ చప్పట్లు. కానీ అది షో కాదు. గడ్డి ఇళ్ళు, ఒకదానికి పక్కన ఒకటి, ఒక్క నిప్పురవ్వ చాలు. 2019 నవంబర్‌లో నది అవతల పార్కింగ్ దగ్గర రెండు షెడ్లు నిజంగానే కాలిపోయాయి, అప్పుడు ఈ గన్సే తెరిచి ఇళ్ళ మీద నీళ్ళు కొట్టారు, ఇళ్ళు అన్నీ దక్కాయి. ఊళ్ళోవాళ్ళు రోజూ వంతులేసుకుని చెక్కలు టకటక కొడుతూ నిప్పు జాగ్రత్త అని చెప్తూ తిరుగుతారు. రోడ్డు మీద సిగరెట్ కాల్చనివ్వరు. మనవాళ్ళు ఎవరైనా వెళ్తే ఈ ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి, దండం పెట్టి చెప్తున్నాను.

ఇక ఇళ్ళ గురించి. వాదా వాళ్ళ ఇల్లు ఒగిమాచిలో పెద్దది, టికెట్ తీసుకుని లోపలికి వెళ్ళొచ్చు, ఆ కుటుంబం ఇప్పటికీ కొంత భాగంలో ఉంటుంది. కింద నడిమధ్య నేలలో పొయ్యి, ఇరోరి అంటారు, కట్టెలు మెల్లగా మండుతూ ఉంటాయి, పొగ పైకి పోయి గడ్డి కప్పు గుండా బయటకి వెళ్తుంది. పోతూ పోతూ గడ్డికి, దూలాలకి మసి పట్టిస్తుంది, దాంతో పురుగు పట్టదు, చెమ్మ ఆరిపోతుంది. నిచ్చెనలాంటి మెట్లెక్కి అటక మీదికి వెళ్తే అక్కడ పెద్ద హాలు, దాని పైన ఇంకో అటక. అవన్నీ పట్టుపురుగులు పెంచడానికి. కింది పొయ్యి వేడి పైకి ఎక్కుతుంది కాబట్టి పురుగులకి వెచ్చగా ఉంటుంది. పైన వాసాలన్నీ తాళ్ళతో, మన్సాకు అనే చెట్టు లేత కొమ్మలు మెలిపెట్టి కట్టారు, మేకు అన్నది లేదు. వాసాల కింది కొసలు చెక్కి దూలం గుంటల్లో ఊరికే కూర్చోబెట్టారు, గాలి వచ్చినా భూమి కదిలినా ఆ చట్రం కొంచెం ఊగి సర్దుకుంటుంది. కప్పు వాలు దాదాపు 60 డిగ్రీలు, రెండు చేతులు జోడించి దండం పెట్టినట్టు ఉంటుంది. ఇంకో సంగతి, ఇళ్ళన్నీ ఒకే వైపు చూస్తుంటాయి, కప్పు కింద ముక్కోణంగా కనిపించే గోడలు ఉత్తరం, దక్షిణం వైపు, కప్పుల వాలు తూర్పు, పడమర వైపు. లోయలో గాలి ఉత్తర దక్షిణాలుగా వీస్తుంది కాబట్టి దాని దెబ్బ తక్కువ, కప్పు రెండు పక్కలా పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి ఎండ పడి మంచు సమంగా కరుగుతుంది. పైన నిలబడి ఆ కట్లని చూస్తుంటే ఎవరో పేరు లేని మనిషి ఒక్కొక్క ముడి చేత్తో వేసి ఉంటాడు కదా అని చాలాసేపు అక్కడే ఉండిపోయాను. 1935లో బ్రూనో టౌట్ అనే జర్మన్ ఆర్కిటెక్ట్ ఇక్కడికి వచ్చి ఈ ఇళ్ళని చాలా మెచ్చుకున్నాడు, అప్పటినుంచే బయటి ప్రపంచానికి తెలిశాయి.

ఒగిమాచి నుంచి గోకయామాకి వరల్డ్ హెరిటేజ్ బస్ అని ఒకటి తిరుగుతుంది, తకఓకా అనే నగరం దాకా పోతుంది, రోజుకి కొన్నే ఉంటాయి, టైమ్ టేబుల్ ముందే చూసుకోవాలి, ఒకటి మిస్ అయితే చాలాసేపు ఆగాలి. ఐనోకురాగుచి స్టాప్‌లో దిగి కొంచెం పైకి నడిస్తే ఐనోకురా. గడ్డి ఇళ్ళు ఇరవై దాకా ఉంటాయి. అంతే ఊరు. కొన్ని ఇళ్ళల్లో రాత్రి ఉండనిస్తారు, మిన్షుకు అంటారు, గోకయామాలో నేను అందరికీ గట్టిగా చెప్పేది అదే, రాత్రి ఉండండి. సాయంత్రం ఐదు దాటితే డే టూరిస్టులు ఊళ్ళో ఉండకూడదు, బస్సులు పోతాయి, ఊరు మళ్ళీ ఊరివాళ్ళది అవుతుంది. నవంబర్ చివర్న మేం ఉన్న రాత్రి పైన కొండ మీద మొదటి మంచు పడింది, ఊళ్ళో మాత్రం వాన. పొద్దున లేచి చూస్తే కొండ పై సగం తెల్లగా, కింది సగం ఇంకా ఎర్రటి ఆకులతో, మధ్యలో గీత గీసినట్టు ఉంది. ఆ ఇంటావిడ టీ పోస్తూ, ఆ గీత రోజురోజుకీ కిందికి దిగుతుందమ్మా, ఊరిని తాకేలోపు కూరగాయలన్నీ లోపల పెట్టుకోవాలి అంది. వసారాలో ముల్లంగులు, ఎర్ర టర్నిప్‌లు గుట్టగా పోసి ఉన్నాయి, అవి ఉప్పులో ఊరేసి చలికాలమంతా తింటారు.

తిండి గురించి చాలామంది భయపడతారు. మాంసం తినకపోతే బుక్ చేసేటప్పుడే స్పష్టంగా చెప్పాలి, చేప కూడా తినకపోతే అది విడిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళ దృష్టిలో చేప వేరు, పైగా సూప్‌లన్నిట్లో ఎండు చేప పలుకులు మరిగించిన దాషి ఉంటుంది. ముందే చెప్తే మాత్రం ఎంతో శ్రద్ధగా వండిపెడతారు. గోకయామా టోఫు తప్పకుండా తినండి, తాడుతో కట్టి మోసుకెళ్ళేవాళ్ళట, అంత గట్టిగా ఉంటుంది, మన పనీర్ కన్నా గట్టి. నేను తీసుకెళ్ళిన ఆవకాయ ఆ టోఫుతో నంచుకుంటే ఆ ఇంటావిడ కూడా ఒక ముక్క రుచి చూసి, నీళ్ళు తాగి, నవ్వి, ఇంకో ముక్క అడిగింది. చేప తినేవాళ్ళకి పొయ్యి చుట్టూ పుల్లలకి గుచ్చి ఉప్పు రాసి కాల్చే ఇవానా ఉంటుంది, నదిలో చేప, చాలా బాగుంటుందని మా ఆయన చెప్తాడు. రూములు వేరుగా ఉన్నా మధ్యలో గోడలు కాగితం తలుపులే, బాత్‌రూమ్ అందరికీ కలిపి, ఆరింటికి భోజనం. చలి మాత్రం బాగా ఉంటుంది, దుప్పటి కింద కూడా ముక్కు చల్లబడుతుంది, థర్మల్స్ తీసుకెళ్ళండి.

గోకయామా చరిత్ర విన్నాక ఆ ఊరు నాకు ఇంకా దగ్గరైంది. ఇది కాగా సంస్థానం కింద ఉండేది, అంటే ఇప్పటి కనజావా నగరం నుంచి పాలించినవాళ్ళు. వాళ్ళకి తుపాకీ మందు కావాలి, దానికి సురేకారం కావాలి, అది ఈ ఇళ్ళ కిందే తయారయ్యేది. పొయ్యి పక్కన నేల కింద గొయ్యి తీసి మట్టి, మాచిపత్రి జాతి ఆకులు, పట్టుపురుగుల పెంట పొరలు పొరలుగా వేసి ఏళ్ళ తరబడి మగ్గబెట్టేవాళ్ళు. పైన పట్టు, కింద సురేకారం, మధ్యలో కుటుంబం. సుగానుమాలో దీని మీద చిన్న మ్యూజియం ఉంది, బొమ్మలతో చూపిస్తారు. ఇదే లోయకి కాగా వాళ్ళు ఖైదీలని కూడా పంపేవాళ్ళు, పారిపోకుండా నది మీద వంతెన కట్టనిచ్చేవాళ్ళు కాదు, ఊరివాళ్ళు తాడుకి కట్టిన బుట్టలో కూర్చుని నది దాటేవాళ్ళు. ఇప్పుడు మనం ఏసీ బస్సులో ఆ నదినే రెండు నిమిషాలకోసారి దాటుతుంటాం.

ఐనోకురా వెనక కొండ మీద పెద్ద పెద్ద చెట్ల అడవి ఉంది, బీచ్ అనే రకం, తోచి అనే రకం చెట్లు. అందులో చెట్టు నరకడం పాతకాలం నుంచే నిషేధం, ఎందుకంటే పైనుంచి మంచు కూలి ఊరి మీద పడకుండా ఆపేది ఆ అడవే. ఊరి పక్కన వాలులో గడ్డి బీడు ఉంటుంది, కప్పులకి వేసే కయా గడ్డి అక్కడిదే, ఆకులు రాలే రోజుల్లో కోసి మోపులు కట్టి ఆరబెడతారు. అడవి, గడ్డి బీడు, ఇళ్ళు, మళ్ళు, ఈ నాలుగూ కలిస్తేనే ఊరు. ఒక్క ఇళ్ళు కాపాడితే సరిపోదని నాకు అక్కడ అర్థమైంది. ఐనోకురా, సుగానుమా రెండింటినీ 1970లోనే ప్రభుత్వం చారిత్రక స్థలాలుగా ప్రకటించింది, ఒగిమాచిలో 1971లో ఊరివాళ్ళే కూర్చుని ఇళ్ళు అమ్మకూడదు, అద్దెకి ఇవ్వకూడదు, పడగొట్టకూడదు అని కట్టుబాటు పెట్టుకున్నారు. బయటివాళ్ళు వచ్చి చెప్పకముందే వాళ్ళంతట వాళ్ళు తీసుకున్న నిర్ణయం అది, అందుకే నాకు వాళ్ళంటే అంత గౌరవం.

చలికాలం రాత్రుళ్ళు ఇళ్ళ మీద లైట్లు వేసి చూపించే లైటప్ గురించి ఎక్కువ రాయను, దాని మీద ఇంటర్నెట్ నిండా ఉంది. జనవరి, ఫిబ్రవరిలో కొన్ని రోజులే ఉంటుంది, 2019 నుంచి ముందుగా రిజర్వేషన్ లేకుండా రానివ్వరు, నెలల ముందే అయిపోతుంది. అందంగా ఉంటుంది, చేతులు గడ్డకడతాయి, చుట్టూ జనం ఉంటారు. మంచు కావాలంటే లైటప్ లేని మామూలు రోజున వెళ్ళండి, నాకు అదే ఇంకా బాగా నచ్చింది. షూస్ అడుగు జారకుండా ఉండాలి.

ఏప్రిల్ మాత్రం ఎవరూ చెప్పరు. టూరిజం వాళ్ళ ఫోటోల్లో కూడా ఉండదు, ఎందుకంటే మంచు అప్పుడు నల్లగా మురికిగా ఉంటుంది, రోడ్డు పక్కన గుట్టలుగా, పొలాల్లో మచ్చలు మచ్చలుగా. కానీ నీళ్ళ చప్పుడు! ఎక్కడ చూసినా నీళ్ళే, కాలవల్లో, కప్పు అంచుల కింద, రోడ్డు వారన, కొండ మీంచి తెల్లటి గీతలుగా. కాలవ గట్టు మీద కరిగిన మంచు పక్కనే ఫుకి అనే మొక్క మొగ్గలు లేత ఆకుపచ్చగా పైకొస్తాయి, ఫుకినోతో అంటారు, వాటిని కోసి పలచటి పిండిలో ముంచి మన బజ్జీల్లా నూనెలో వేయిస్తారు, టెంపురా అంటారు, కొంచెం చేదు, మన కాకరకాయ ఇష్టపడేవాళ్ళకి బాగా నచ్చుతుంది. తర్వాత వారాల్లో కొగోమి, వరాబి, జెన్మాయి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, అన్నీ కొండమీది ఆకుకూరలే. వెజిటేరియన్లకి ఏడాది మొత్తంలో ఇదే మంచి టైమ్.

ఆ రోజుల్లో ఫ్రెండ్స్ కారులో వెళ్ళడం వల్ల దారిలో షోకావా చెర్రీ చెట్లు కూడా చూశాం. షోగావా నది మీద పైన మిబోరో డ్యామ్ కట్టినప్పుడు ఊళ్ళు మునిగిపోయాయి, డ్యామ్ పూర్తయింది 1961లో. మునిగిపోయే రెండు గుళ్ళ ఆవరణల్లో వందల ఏళ్ళ నాటి రెండు పెద్ద చెర్రీ చెట్లు ఉంటే వాటిని 1960లో వేళ్ళతో సహా తవ్వి తీసి కొండ పైకి చేర్చి నాటారు. అంత ముసలి చెట్లు బతకవు అన్నవాళ్ళే ఎక్కువట. బతికాయి. ఏప్రిల్ చివర, మే మొదట్లో నీళ్ళ ఒడ్డున పూస్తాయి, నగోయాలో చెర్రీ అయిపోయిన చాలా రోజులకి. ఆ నీళ్ళ కింద ఇళ్ళు, పొలాలు ఉన్నాయని తెలిసి ఆ పూలు చూస్తుంటే గొంతు పట్టేసింది. శ్రీశైలం డ్యామ్‌లో ఊరు పోగొట్టుకున్న కుటుంబానికి చెందిన ఒకాయన మాతో ఉన్నారు, ఆయన అక్కడ్నుంచి కారు దాకా ఏమీ మాట్లాడలేదు.

మే చివర్లో మా అత్తయ్య ఇండియా నుంచి వచ్చారు. విజయనగరం దగ్గర పల్లెటూరు ఆవిడది, టోక్యో తీసుకెళ్తే బాగుందమ్మా అని ఊరుకున్నారు, ఒగిమాచి బస్టాండ్ దాటి మళ్ళ దగ్గరికి రాగానే చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీదికి వెళ్ళిపోయారు. మడిలో నీళ్ళు నిండా ఉన్నాయి, కొన్ని మళ్ళల్లో నాట్లు అయిపోయాయి, కొన్నిట్లో ఇంకా లేదు, నాటని మడిలో గడ్డి కప్పు ఇల్లు తలకిందులుగా పూర్తిగా కనిపిస్తోంది. ఈ టైమ్‌లోనే అక్కడ పాత పద్ధతి బట్టలు వేసుకుని చేత్తో నాట్లు వేసే పండగ కూడా చేస్తారు. అత్తయ్య ఒక ఇంటి చూరు పట్టుకుని చూసి, ఇదేటమ్మా, మన రెల్లు కాదేటి ఇది అన్నారు. పూర్తిగా అదే కాదు గానీ చూడ్డానికి దగ్గర చుట్టమే. వాళ్ళ చిన్నప్పుడు ఊళ్ళో అన్నీ పూరిళ్ళే, రెండు మూడేళ్ళకోసారి కప్పు మార్చేవాళ్ళు, ఎండాకాలంలో ఒక ఇల్లు అంటుకుంటే వీధి వీధంతా పోయేదని చెప్పారు. నీళ్ళ గన్స్ గూడు చూపించి ఇది దేనికో చెప్తే ఆ చెక్క మీద చెయ్యి వేసి, మా ఊళ్ళో కూడా ఇలాంటివి ఉండుంటే బాగుణ్ణమ్మా అన్నారు.

ఆ ట్రిప్‌లోనే ఒక ఇంటికి కప్పు వేస్తుంటే చూశాం. ఇది చూడాలని నాకు చాలా రోజులుగా ఉంది. పొగ బాగా పట్టిన కప్పు ముప్పై నలభై ఏళ్ళు ఉండేది, ఇప్పుడు రోజూ పొయ్యి వెలిగించే ఇళ్ళు తక్కువ కాబట్టి అంతకన్నా ముందే మార్చాల్సి వస్తోంది. కప్పు ఒక పక్క వాలు మొత్తం ఒక్కసారిగా విప్పేస్తారు, నల్లటి మసి గడ్డి కిందికి దొర్లుతుంటే ముఖాలన్నీ నల్లగా అయిపోతాయి, తర్వాత కొత్త గడ్డి మోపులు చేతి నుంచి చేతికి పైకి పోతాయి. పైన వాలు మీద వరసగా నిలబడినవాళ్ళు గడ్డి పరిచి తాడు బిగిస్తారు, లోపల ఉన్న మనిషి పెద్ద చెక్క సూదితో తాడు బయటకి పంపితే బయటి మనిషి లాగి ముడేస్తాడు. వాన వచ్చేలోపు అయిపోవాలి, అందుకే ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు, ఊరంతా రావాల్సిందే. దీన్ని యుయి అంటారు. ఎవరింటి నుంచి ఎవరొచ్చారు, ఎంత గడ్డి తెచ్చారు, ఎంత తాడు ఇచ్చారు అని పుస్తకంలో రాసి పెట్టుకునేవాళ్ళు, వాళ్ళ ఇంటి వంతు వచ్చినప్పుడు అంతా తిరిగి ఇవ్వాలి. తండ్రి చేసిన సాయం కొడుకు కాలంలో తిరిగొస్తుంది అన్నమాట. అత్తయ్యకి ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది, నాట్లప్పుడు మేం ఒకళ్ళ చేలోకి ఒకళ్ళు బదులుకి వెళ్ళేవాళ్ళం కదా, అదే అన్నారు. ఆడవాళ్ళు వండుతున్న చోటికి అత్తయ్య వెళ్ళి నిలబడితే ఎవరో పెద్దావిడ అత్తయ్య చేతిలో అన్నం ముద్ద పెట్టింది. భాష రాకపోయినా ఇద్దరూ చాలాసేపు ఒకరి చేతులు ఒకరు చూపించుకుంటూ కూర్చున్నారు, కాయలు కాసిన చేతులు.

ఇప్పుడు కప్పులు ఎక్కువ భాగం కాంట్రాక్ట్‌కి, కోఆపరేటివ్ వాళ్ళకి ఇస్తున్నారు, పూర్తి యుయి అరుదు, ప్రభుత్వం డబ్బు సాయం చేస్తుంది. ఊళ్ళో వయసు మీద పడ్డవాళ్ళు ఎక్కువ, పిల్లలు పైచదువులకి బయటకి వెళ్ళాల్సిందే. షిరకావా-గోలో నది అవతల ఓపెన్ ఎయిర్ మ్యూజియం ఉంది, వేలాడే దెఆయి వంతెన దాటి కొంచెం నడవాలి, టూరిస్టుల్లో చాలామంది వెళ్ళరు, మీరు వెళ్ళండి. అక్కడి ఇళ్ళు కొన్ని కజురా అనే ఊరివి. చలికాలంలో దారి మూసుకుపోయే ఆ ఊరివాళ్ళు 1967లో అందరూ కలిసి ఊరు వదిలి వెళ్ళిపోయారు, ఇళ్ళు మాత్రం విప్పి ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. చాలా చక్కగా ఉంటాయి. అయినా పక్క ఒగిమాచిలో బట్టలు ఆరేసి, కూరమళ్ళు వేసి, గుమ్మం ముందు చెప్పులు విడిచి ఉన్న ఇల్లు చూసి వచ్చి వీటిని చూస్తే తేడా గుండెకి తగులుతుంది. మనం వెళ్ళి మిన్షుకులో ఒక రాత్రి ఉంటే, ఊళ్ళో చిన్న షాపులో టోఫు కొంటే, ఆ డబ్బు అక్కడ మనుషులు ఉండటానికే పనికొస్తుంది, అందుకే ఉండండి ఉండండి అని ఇంత చెప్తున్నాను.

ప్లాన్ చేసేవాళ్ళకి కొన్ని మాటలు. తకయామా బస్సుల్లో కొన్ని రిజర్వేషన్‌వి, కొన్ని కావు, సీజన్‌లో బుక్ చేసుకోవడమే మంచిది. క్యాష్ దగ్గర ఉంచుకోండి, పల్లెల్లో అన్ని చోట్లా కార్డు నడవదు. చెత్తబుట్టలు ఉండవు, మీ చెత్త మీ బ్యాగ్‌లోనే. తెరిచి ఉన్న తలుపు కనిపించినా లోపలికి తొంగిచూడకండి, అది ఎవరో ఉంటున్న ఇల్లు. ఆకులు రాలే సీజన్‌లో ఎలుగుబంట్లు కిందికి దిగుతాయి, బోర్డులు పెడతారు, ఒంటరిగా అడవి దారుల్లోకి వెళ్ళొద్దు. డిసెంబర్ నుంచి మార్చి దాకా సొంతంగా కారు నడిపితే స్నో టైర్లు తప్పనిసరి. ఆకుల రంగుకి అక్టోబర్ చివర నుంచి నవంబర్ మొదటి సగం, నీళ్ళు నిండిన మళ్ళకి మే.

మేం ఇంకా చూడనిది కోకిరికో. గోకయామాలో కామినాషి అనే చోట హకుసాన్ గుడి దగ్గర సెప్టెంబర్ 25, 26 తేదీల్లో ఆ పండగ జరుగుతుంది, జపాన్‌లో చాలా పాత జానపద పాటల్లో ఒకటి అది, 108 చెక్క ముక్కలు తాడుకి గుచ్చిన ససారా అనే వాయిద్యం రెండు చేతుల్తో ఊపుతూ ఆడతారు. అప్పటికి కోతలు అయ్యే టైమ్, ఎండాకాలం పోయి చలి మొదలయ్యే మొదటి రోజులు. అత్తయ్య అప్పటిదాకా ఉంటానన్నారు, ఐనోకురాలో రూమ్ కోసం ఫోన్ చేశాం, ఖాళీ లేకపోతే దగ్గర్లోని జోహానా అనే ఊళ్ళో ఉండి పొద్దున్నే బస్సులో వెళ్తాం.